అడగకుండా నడిచిన దారి

డొరీన్ బెబ్ చివరిసారి బయటికి వెళ్లి చేసిన పని, ఏటి ఒడ్డు గేటు దగ్గర ముళ్లకొమ్మలు కత్తిరించడం. గురువారం నడకకు ముందురోజు దారిని ఒకసారి చూసి రావడం ఆమెకు టీ తాగినంత మామూలు. ఆ బుధవారం మధ్యాహ్నం వాన వెలిశాక, పోయిన భర్త లెన్ కోటు తొడుక్కుని, జేబులో తోటకత్తెర పెట్టుకుని వెళ్లింది. ఐరిస్ హాగెట్ వాకర్ నెట్టుకుంటూ ఆ గేటు దాటేటప్పుడు ఆమె స్వెటరు ఏ కొమ్మకు తగులుకుంటుందో డొరీన్‌కు తెలుసు. ఆ కొమ్మల్నే కత్తిరించింది. ముక్కల్ని కాలితో కంచెలోకి తోసింది. గేటును తెరిచి, మూసి చూసింది. ఇంటికొచ్చి కోటు తగిలించి చెల్లెలు ఏవిస్‌కు ఫోన్ చేసింది.

"గేటు దగ్గర ఇప్పుడు బాగానే ఉంది. వంతెన పక్కన కాస్త బురద. ఐరిస్‌కి చెప్పు, ఆ గులాబీరంగు చెప్పులు వేసుకొస్తే వెనక్కి పంపించేస్తానని."

"నువ్వే చెప్పు. నేను చెబితే వింటుందా?"

"వెనక మనిషివి నువ్వు. బూట్లు నీ శాఖ."

"మరి నీ శాఖేంటి?"

"వాతావరణం," అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున పశువుల సంత గడియారం కింద అందరూ చేరారు కానీ డొరీన్ రాలేదు. ఆమె ఆలస్యంగా రావడం ఎవరూ ఎరగరు. ఏవిస్ తన దగ్గరున్న తాళంచెవితో వెళ్లి తలుపు తీసింది. అక్క పొయ్యి పక్క కుర్చీలో ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు తర్వాత చెప్పాడు.

ఆ వార్త గడియారం కింద నిలబడ్డవాళ్లకు ఏవిసే చెప్పాల్సి వచ్చింది. పాత పోస్ట్‌మాన్ నార్మన్ పగ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఐరిస్ ముక్కు చీదుకుని, "మరి వెళ్తున్నామా, లేదా? నిన్న ఆవిడ ముళ్లు కొట్టే ఉంటుంది," అంది. అందరూ కదిలారు. ముందు ఎవరూ లేకుండా జరిగిన మొదటి నడక అది. తన చోటు వదలడానికి ఏవిస్‌కు మనసొప్పలేదు. ఎప్పట్లాగే అందరికన్నా వెనకే నడిచింది.

వెన్‌ఫోర్డ్ చిన్న ఊరు. గిన్నెలో అడుగున మిగిలిన చారెడు పిండిలా కొండల మధ్య ఉంటుంది. ఊళ్లోంచి బయటికి పోయే కాలిబాటలన్నీ ఎక్కుడు దారులే. ప్రతి కంచెకూ ఎక్కి దిగాల్సిన చెక్కమెట్లు. చదునుగా సాగేది ఒక్కటే, చర్చి వెనక నుంచి ఆర్ల్ ఏటి పక్కగా గ్విలియమ్‌ల పచ్చికమైదానం మీదుగా పాత మర వంతెన దాకా పోయే దారి. డొరీన్ బతుకులో చెప్పుకోదగ్గదంతా ఆ దారి మీదే జరిగిందని ఏవిస్ అంటే అందులో అతిశయం లేదు.

వాళ్ల నాన్న టడ్జ్, గ్విలియమ్‌ల దగ్గర పశువుల కాపరి. పని ఉన్నన్నాళ్లూ ఇల్లు ఉంటుంది, పని పోతే ఇల్లూ పోతుంది. తెల్లవారకముందే లేచి ఆ ఏటిదారిన వెళ్లి ఆవుల పాలు పితికేవాడు. ఒక ఏడు గడ్డిమోపు ఎత్తబోయి నడుము పట్టేసి మళ్లీ వంగలేకపోయాడు. సెప్టెంబరు ఆఖరుకల్లా పెద్ద గ్విలియమ్ ఇల్లు ఖాళీ చేయించాడు. డొరీన్‌కి అప్పటికి ఊహ తెలుసు. సామాను వేసిన బండి మీద, ఒళ్లో పసిదైన ఏవిస్‌ను పెట్టుకుని కూర్చుంది. సంత వెనక కౌన్సిల్ వాళ్ల అద్దె ఇంట్లోకి మారారు. నాన్న ఎవర్నీ ఏమీ అనలేదు. డొరీన్ కూడా అనలేదు. అనకపోవడం వేరు, మరిచిపోవడం వేరు.

పెద్దయ్యాక డొరీన్ పశువుల సంత క్యాంటీన్‌లో పనికి కుదిరింది. ప్రతి మంగళవారం రైతులకు టీలు, కరకరలాడేలా వేయించిన పందిమాంసపు బేకన్ పెట్టిన బన్నులు. పెద్ద గ్విలియమ్ పోయాక కొడుకు ఎడ్గర్ పొలం చూసుకునేవాడు. డొరీన్ వయసువాడే. పొడుగ్గా, వంగి నడిచే మనిషి. మాట పొదుపు. వరసలో నిలబడి వంతు రాగానే టోపీ అంచు ముట్టుకునేవాడు.

"చక్కెర?"

"ఒకటి."

అంతే. ముప్పై ఏళ్లకు పైగా వాళ్లిద్దరి మధ్యా క్యాంటీన్‌లో నడిచిన మాటలన్నీ అవే.

లెన్‌కు గుండెజబ్బు వచ్చింది. డాక్టరు రోజూ నడవమన్నాడు, ఎత్తులు మాత్రం ఎక్కొద్దన్నాడు. "ఈ ఊళ్లో ఎత్తులు లేని చోటు శ్మశానమొక్కటే," అన్నాడు లెన్. డొరీన్ అతని చెయ్యి పట్టుకుని చర్చి వెనక గేటు తెరిచింది. లెన్ మొహమాటస్తుడు. గ్విలియమ్‌ల మైదానం అంచున ఆగిపోయాడు.

"ఎడ్గర్‌ని ఓ మాట అడగాలేమో, డొరీన్."

"మా నాన్న ఇంతకాలం చీకట్లో ఈ దారినే పోయి వాళ్ల ఆవుల పాలు పితికాడు. ఆయన దగ్గర ఎవరైనా చీటీ అడిగారా?"

"అది పనికి వెళ్లడం."

"నువ్వూ పనిమీదే ఉన్నావు. బతకడం నీ పని. నడువ్."

నడిచాడు. చాలా ఏళ్లు బతికాడు కూడా. వాళ్లిద్దర్నీ చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు వచ్చారు. మోకాళ్లు మార్పించుకున్నవాళ్లు, ఊపిరి ఆడనివాళ్లు, మొగుడు పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్నవాళ్లు. రోజు గురువారంగా కుదిరింది. డొరీన్ పెట్టిన రూళ్లు కొన్నే. అందరికన్నా మెల్లగా నడిచేవారి వేగమే అందరి వేగం. ఎంత దూరం వచ్చామని అడగకూడదు. దారిలో రైతు కనిపిస్తే గుడ్ మార్నింగ్ చెప్పి ఆగకుండా సాగిపోవాలి. "అభ్యంతరం లేదు కదా" అనకూడదు. ఈ ఆఖరుది వెన్‌ఫోర్డ్ వాళ్లకు చాలా కష్టమైన రూలు. అక్కడివాళ్లు తమ కాలు తొక్కినవాడికి తామే క్షమాపణ చెప్పే రకం.

ఒక్క దారితో డొరీన్ ఆగలేదు. క్యాంటీన్ బల్ల వెనక నుంచే ఊరి చుట్టూ ఉన్న రైతుల్ని పట్టుకుంది.

"మీ పైచేను కంచెకి ఆ చెక్కమెట్లు తీసేసి గేటు పెడతారా?"

"చూద్దాంలే, డొరీన్."

"అయితే మీ బేకన్ సంగతీ చూద్దాంలే."

సరిగా వేగని మెత్తటి బేకన్ రెండు మంగళవారాలు తిన్నాక మూడోవారం గేటు వచ్చేది. అలా మెట్లు పోయి గేట్లు వచ్చిన దారులు ఆ ఊరి చుట్టూ ఇవాళ్టికీ ఉన్నాయి. పిల్లల బండి తోసుకుపోయే తల్లులకు అవి ఎవరి పుణ్యమో తెలియదు.

ఏవిస్ ఆ ఏళ్లన్నీ కోవెంట్రీలో ఉంది. మొగుడు పోయాక వెన్‌ఫోర్డ్ తిరిగి వచ్చేసింది. వచ్చిన వారమే డొరీన్ ఆమెను వెనక మనిషిని చేసింది. వెనక మనిషి పని, ఎవర్నీ తన వెనక వదలకపోవడం. "ముందు నడిచేది ఎవరైనా నడుస్తారు. వెనక ఓపికుండాలి. చిన్నప్పుడు అన్నిటికీ నా వెనకే పడేదానివి, నీకు అలవాటే," అంది డొరీన్. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఏవిస్‌కు తేలలేదు. కానీ ఆ చోటి నుంచి కనిపించేది ఇంకెవరికీ కనిపించదు. టోపీలు, కర్రలు, వాకర్లు, వంగిన వీపులు బారుగా ఏటి వెంట సాగిపోతుంటే, అందరికన్నా ముందు లెన్ కోటులో అక్క, మెడ నిటారుగా.

ఎడ్గర్ గ్విలియమ్ చనిపోయాడు. కూతురు గ్లెనిస్ పొలం అమ్మేసి మొగుడి ఊరికి, వేల్స్‌కు వెళ్లిపోయింది. కొన్నవాడు శాండమ్ అనే పెద్దమనిషి. చెడ్డవాడని ఎవరూ అనలేరు. గుర్రాలు పెంచుతాడు. ఆ గుర్రాలు ఖరీదైనవి, ఉలిక్కిపడతాయి. మొదటి వసంతంలోనే చర్చి వెనక గేటుకు తాళం పడింది. పక్కన ప్రైవేటు అని బోర్డు.

డొరీన్ కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లింది. దారులన్నీ గుర్తుపెట్టిన పటంలో ఆ దారి లేదన్నారు. పటం తయారైన రోజుల్లో ఊరి పెద్దల సంఘానికి అధ్యక్షుడు పెద్ద గ్విలియమే. అయినా ఒక మార్గం ఉందన్నారు. తాళం పడిన రోజుకు ముందు ఇరవై ఏళ్లపాటు జనం దాచకుండా, దౌర్జన్యం చెయ్యకుండా, ఎవరి అనుమతీ లేకుండా ఆ దారిన నడిచారని తేలితే అది జనం దారే అవుతుంది. శాండమ్ ఒప్పుకోలేదు కాబట్టి బయటి నుంచి విచారణాధికారి వస్తాడు, బహిరంగంగా వింటాడు.

రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ గురువారం నడక సంత చుట్టూ, కారు పార్కు చుట్టూ సాగింది. వచ్చేవాళ్లు తగ్గారు. ఐరిస్ అయితే రావడమే మానేసింది. డొరీన్ వెళ్లి పిలిస్తే, "కార్ల చుట్టూ తిరగడానికి నేనేమన్నా పార్కింగ్ వాడినా? ఏరు కనిపించినప్పుడు పిలువు," అని తలుపు వేసుకుంది. డొరీన్‌ను కుంగదీసింది ఆ తలుపే. దారి పోతే ఇలాంటి తలుపులు ఎన్ని మూసుకుంటాయో ఆమెకు తెలుసు.

విచారణ ధాన్యపు హాల్లో, ఒకప్పటి గింజల బజారు భవనంలో, పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. శాండమ్ తరఫున లండన్ నుంచి ఒక బారిస్టరు. వెన్న రాసినట్టు మాట్లాడతాడు. మొదటి సాక్షి చర్చి గురువుగారి భార్య మిసెస్ ఆర్మిటేజ్. ఎంతోకాలంగా ఆ దారిన నడిచానని గట్టిగా చెప్పింది. బారిస్టరు లేచి, చిరునవ్వుతో మొదలుపెట్టాడు.

"గ్విలియమ్ గారు మంచి పొరుగువారని విన్నాను."

"బంగారంలాంటి మనిషి."

"అలాంటి మనిషి పొలంలోంచి మాటమాత్రం అనకుండా వెళ్లిపోయేవారా మీరు?"

మిసెస్ ఆర్మిటేజ్ ముఖం ఎర్రబడింది. "నన్నేమనుకుంటున్నారు? ఒక్కదాన్నే నడవడానికి వెళ్లిన ప్రతిసారీ గేటు దగ్గర ఆగి, 'ఎడ్గర్, అభ్యంతరం లేదు కదా' అనేదాన్ని. పాపం, చెయ్యి ఊపేవాడు."

"చాలా సంతోషం, మేడమ్. ఇక నేనడగాల్సింది లేదు."

తర్వాత నార్మన్ పగ్. అదే ప్రశ్న. "నేనే కాదండీ," అన్నాడు నార్మన్, "నా కుక్క కూడా ఆయన ముందు కూర్చుని పర్మిషన్ తీసుకుని కానీ కదిలేది కాదు." హాలంతా నవ్వింది. అందరికన్నా హాయిగా నవ్వింది బారిస్టరు.

మధ్యాహ్నం దాకా అంతే. చర్చి పాటల బృందం మాస్టరు, బ్యాంకు మేనేజరుగా రిటైరైనాయన, మందుల షాపావిడ, ఒక్కొక్కరూ వచ్చి తాము ఎంత మర్యాదస్తులో రుజువు చేసుకుని, సంతృప్తిగా దిగి వెళ్లారు. అడిగి నడిచిన ప్రతి అడుగూ అనుమతితో నడిచిన అడుగు. దావాలో అది లెక్కకు రాదు. భోజనానికి లేచినప్పుడు కౌన్సిల్ తరఫు లాయరు, చిన్న వయసావిడ, తల పట్టుకుని కూర్చుంది.

"ఒక్కరైనా అడగనివాళ్లు లేరా ఈ ఊళ్లో?"

"మర్యాదగా ఉన్నందుకా ఓడిపోతున్నాం?" అంది డొరీన్.

"చట్టం అదేనండి."

నార్మన్‌కు అప్పుడర్థమైంది తను చేసిన పని. సాండ్‌విచ్ పొట్లం పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "డొరీన్, నన్ను మళ్లీ ఎక్కించు. ముసలాణ్ని, మతిమరుపని చెబుతా. అడిగానన్నది పొరపాటు, అసలు అడగలేదంటా," అన్నాడు.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీ కుక్కని ఎక్కిస్తా సాక్ష్యానికి. అబద్ధంతో వచ్చిన దారి మీద నేను కాలు పెట్టను."

"ఓడిపోతాం మరి."

"అప్పుడు ఓడిపోయి ఇంటికి పోదాం. తిను."

ఏవిస్ పక్కనే కూర్చుని ఉంది. తను ఆ ఏళ్లలో చాలావరకు ఊళ్లో లేదు కాబట్టి తన సాక్ష్యం పెద్దగా పనికిరాదు. అక్క చేతిలో సాండ్‌విచ్ అలాగే ఉండిపోవడం మాత్రం చూసింది.

భోజనం తర్వాత డొరీన్ వంతు. చర్చికి వేసుకెళ్లే నీలం కోటు వేసుకొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మిసెస్ బెబ్, గ్విలియమ్ గారు మీకు బాగా తెలుసు," అన్నాడు బారిస్టరు.

"ప్రతి మంగళవారం టీ ఇచ్చేదాన్ని."

"అంటే స్నేహితులు."

"టీ ఇచ్చేదాన్నన్నాను."

వెనక ఎవరో దగ్గారు. బారిస్టరు నవ్వు చెదరనివ్వలేదు. "అన్నేళ్ల పరిచయంలో ఏదో ఒకరోజు అడిగే ఉంటారు, మీ మైదానంలోంచి వెళ్తున్నాం, పరవాలేదు కదా అని."

"లేదు."

"గుర్తులేదంటారా?"

"గుర్తుంది. అడగలేదు. చక్కెర కావాలా అని అడిగాను. ఒకటి అన్నాడు."

"ఆయన మిమ్మల్ని అక్కడ చూడలేదేమో."

"ప్రతి గురువారం చూశాడు. ట్రాక్టరు మీద ఉన్నా చూశాడు, గొర్రెల్లో ఉన్నా చూశాడు. నేను గుడ్ మార్నింగ్ అన్నాను, ఆయనా అన్నాడు. నేను ఆగలేదు."

"మర్యాద తెలిసిన మనిషిలా ఉన్నారు మీరు. మరి అడక్కపోవడం ఎందుకు?"

జవాబు ఏవిస్‌కు తెలుసు. బండి మీద సామాను, వంగలేని నాన్న. అక్క అవన్నీ ఇప్పుడు బయటపెడుతుందేమోనని భయపడింది. డొరీన్ బారిస్టరు వైపు కాకుండా విచారణాధికారి వైపు తిరిగింది.

"ఇవాళ పొద్దున మీరు స్టేషన్ నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు ఎవర్నైనా అడిగారా, సార్, ఈ వీధిన నడవొచ్చా అని? అడగరు. వీధి కాబట్టి. నాకు అదీ అంతే."

"అది మీ ఒక్కరి పట్టుదల, మిసెస్ బెబ్," అన్నాడు బారిస్టరు మెత్తగా. "ఒక్క మనిషి జనం కాదు."

"నా వెనక ఎవరూ లేరని మీకెవరు చెప్పారు?"

"మీ వెనక ఉన్నవారినే కదా పొద్దుట్నుంచీ విన్నాం. అందరూ అడిగారు."

"విడిగా వెళ్లినప్పుడు అడిగారు. గురువారాలు అడగలేదు. నాతో నడిచేవాళ్లని నేను అడగనివ్వను. అది రూలు."

విచారణాధికారి కలం ఎత్తి పట్టుకున్నాడు. "ఏ గురువారాలు?"

కౌన్సిల్ లాయరు చటుక్కున తలెత్తింది. గురువారం నడక సంగతి ఆవిడకు ఎవరూ చెప్పనేలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు. రోగులూ ముసలివాళ్లూ మెల్లగా చేసే షికారు చట్టం ముందు ఒక లెక్కా అనుకున్నారు. ఆ మెల్లగా నడిచేవాళ్లంతా ఏదో తోడుగా వచ్చి హాల్లో చివరి వరసలో కోట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

వాళ్లను వింటానన్నాడు అధికారి. బారిస్టరు అభ్యంతరం చెప్పాడు. వింటాననే అన్నాడు అధికారి.

ముందు ఐరిస్ లేచింది. చివరి వరస నుంచి బల్ల దాకా వాకర్ నెట్టుకుంటూ రావడానికి చాలాసేపు పట్టింది. చక్రం ఒకటి కిర్రుమంటోంది. బారిస్టరు గడియారం చూసుకున్నాడు. మధ్యదాకా వచ్చి ఆగి ఊపిరి తీసుకుంది. ఎవరో సాయం చెయ్యబోతే చేత్తో వద్దంది. ఏవిస్ అలవాటుగా లేచి ఆమె వెనక రెండడుగుల దూరంలో నడిచి వచ్చింది.

"మీరు గ్విలియమ్ గారి అనుమతి అడిగారా?" అని బారిస్టరు.

"నా ఊపిరి చూశారుగా. నడుస్తూ మాట్లాడే ఓపిక ఉంటే కదా అడిగేది. డొరీన్ గుడ్ మార్నింగ్ ఒక్కటి చాలంది. అదే చెప్పేదాన్ని. ఒక్కోసారి అదీ చెప్పలేక తల ఊపేదాన్ని."

"ఎంతకాలం నడిచారు?"

"మా ఆయన పోయిన ఏడు మొదలుపెట్టాను. ఆయన సమాధి రాయి మీద తేదీ ఉంది, వెళ్లి చూసుకోండి. గేటు మూశాక మానేశాను."

ఆమె తర్వాత మోకాళ్లవాళ్లు, ఊపిరివాళ్లు, కర్రలవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ తొందరపడలేదు. అందరూ అడగలేదనే అన్నారు. ఆఖరికి మిసెస్ ఆర్మిటేజ్ పొద్దుటికంటే ఎర్రగా లేచింది.

"నేను చెప్పింది నిజమేనండి. మామూలు రోజుల్లో అడిగాను. గురువారాలు వేరు. ఒకసారి అలవాటుగా 'ఎడ్గర్' అని నోరు తెరిచాను. డొరీన్ నా మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ కమిలిన నలుపు వారం రోజులుంది."

విచారణాధికారి మొదటిసారి నవ్వాడు. నార్మన్ వైపు చూసి, "గురువారాలు మీరు?" అన్నాడు.

"నేనూ అడగలేదు సార్."

"మరి మీ కుక్క?"

"గురువారం దానికి సెలవు."

తీర్పు రావడానికి శీతాకాలమంతా పట్టింది. వచ్చిన రోజు డొరీన్ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నేరుగా ఐరిస్ ఇంటికి వెళ్లి తలుపు కొట్టింది. "ఏరు కనిపిస్తోంది, రా," అంది. ఐరిస్ చెప్పులు వెతుక్కోవడానికి లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. చూస్తే మంచం మీద కూర్చుని ఏడుస్తోంది.

"ఏడుపు తర్వాత. ఇవాళ గేటు దాకానే. వెలుతురు పోతుంది," అంది డొరీన్.

తర్వాత ఓ పొద్దున కౌన్సిల్ మనుషులు వచ్చి తాళం తీసి, జనం దారని తెలిపే పసుపు బాణం గుర్తున్న స్తంభం పాతుతుంటే డొరీన్ చేతులు కట్టుకుని నిలబడి చూసింది. "కాస్త ఎడమకి," అంది. వాళ్లు ఎడమకు జరిపారు. శాండమ్ గుర్రం మీద అటే వచ్చాడు. కళ్లెం లాగి, టోపీ ఎత్తి, గుడ్ మార్నింగ్ అన్నాడు. ఆమె కూడా గుడ్ మార్నింగ్ చెప్పి, ఆగకుండా మైదానంలోకి నడిచింది. ఆ నడక ఏవిస్‌కు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. తమ నాన్న నడుం వంచి వెళ్లిన దారిలో అక్క వీపు చూస్తూ నడవడం. లోకంలో ఏ చెల్లెలికైనా ఇంతకంటే మంచి చోటు దొరికి ఉంటుందని ఆమె అనుకోదు.

డొరీన్ అంత్యక్రియలకు చర్చి నిండిపోయింది. శవపేటికను కారులో వద్దని ఏటిదారిన మోసుకుపోయారు. అందరికన్నా మెల్లగా నడిచేవారి వేగంతో. సంతకొచ్చే రైతులే భుజం పట్టారు. బేకన్ కోసం గేట్లు పెట్టినవాళ్లు, వాళ్ల కొడుకులు. ఏవిస్ కళ్లు తడవలేదు, తల దించలేదు.

తర్వాత ధాన్యపు హాల్లో టీ. వేల్స్ నుంచి గ్లెనిస్ కూడా వచ్చింది. తండ్రిలాగే పొడుగు మనిషి, వంగి మాట్లాడుతుంది. కప్పు పట్టుకుని ఏవిస్ పక్కన చేరింది.

"మా నాన్న ఉంటే తప్పకుండా వచ్చేవాడు. ఇంట్లో మీ అక్క మాట ఎప్పుడూ వచ్చేది."

"మీ నాన్నా? వాళ్లిద్దరూ చక్కెర గురించి తప్ప మాట్లాడుకోలేదే."

"ఆవిడతో కాదు. మాతో." గ్లెనిస్ కప్పులోకి చూసుకుంది. "మే నెలలో గడ్డి మోకాలెత్తు వస్తుంది కదా, కోతకి ఇంకా నెల ఉండగా. వేకువనే మంచు కారుతుంటుంది. గురువారం గురువారం మా నాన్న కొడవలి తీసుకుని వెళ్లి, గేటు నుంచి వంతెన దాకా ఒక మనిషి నడిచేంత వెడల్పున గడ్డి కోసేసి వచ్చేవాడు. పచ్చి గడ్డి పాడుచేస్తున్నావని అమ్మ గోల పెట్టేది. 'ఆవిడ తలెత్తుకుని నడుస్తుంది, కింద చూసుకోదు. మేజోళ్లు తడుస్తాయి' అనేవాడు."

ఏవిస్ కప్పు కింద పెట్టింది. "మరి ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"మమ్మల్నీ చెప్పొద్దన్నాడు. తెలిస్తే ఆ దారిన రావడం మానేస్తుందని."